గోపాల్‌పూర్ ఐసు దిమ్మ మీద ఐస్ బ్రేకర్ పాఠం

జనవరి 17, బరంపురం

బడాబజార్ దగ్గర మాకు పెట్టిన మొదటి ప్లేటులో ఇడ్లీ పక్కన చట్నీ లేదు, ఘుగుని ఉంది. బఠాణీలు మెత్తగా ఉడికించి అల్లం, మసాలా దట్టించి చేసే కూర అది. ఇడ్లీకి అదేం జోడీ అని అన్నయ్య మొహం చిట్లించాడు గానీ రెండో ప్లేటు అడిగింది తనే. టీతో కలిపి ఇద్దరికీ 90 రూపాయలు.

కొట్టు నడిపే ఆవిడ ఒక గిరాకీతో ఒడియాలో, మాతో తెలుగులో, లోపల దోసెలు పోస్తున్న కొడుకుతో రెండూ కలిపి మాట్లాడుతోంది. "ఏ ఊరమ్మా మీది?" అని అడిగి, విశాఖపట్నం అనగానే తన చెల్లెలు గాజువాకలో ఉంటుందని, ఆ చెల్లెలి ఆడపడుచు పెళ్ళి ఎలా తప్పిపోయిందో కూడా చెప్పింది. ఊరంతా ఇదే తీరు. మనం ఏ భాషలో మొదలుపెడితే జవాబు ఆ భాషలోనే వస్తుంది. బోర్డుల మీద మాత్రం తెలుగు వెతుక్కోవాలి.

పట్టుచీరల కొట్లో అంచు మీద గుడి గోపురాల వరస నేసిన చీర ఒకటి తీయించాను. దాన్ని వాళ్ళు కుంభం అంటారు. ధర 9 వేలు. 7 వేలకు అడిగితే కొట్టాయన కోప్పడలేదు, చీర మడత పెట్టేసి మంచినీళ్ళిచ్చాడు. బేరం కుదరదని ఇంత మర్యాదగా చెప్పినవాళ్ళను నేను ఇంకెక్కడా చూడలేదు. అప్పడాలు, వడియాలు కొనుక్కుని బయటపడ్డాం.

మేం వచ్చింది చీరల కోసం కాదు. మా మేనత్త భర్త మర్చంట్ నేవీలో చీఫ్ ఇంజనీరుగా రిటైరై గోపాల్‌పూర్‌లో ఉంటున్నారు. ఉత్తర ధ్రువ సముద్రంలో ఐస్ బ్రేకర్ వెనక నౌక నడిపిన మనిషి మా చుట్టాల్లో ఆయనొక్కరే. మంచు సముద్రాన్ని పగలగొట్టే నౌక ఎలా ఉంటుందో, ఎందుకలా ఉంటుందో ఆయన నోట వినాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. సంక్రాంతి సెలవులు కలిసొచ్చాయి.

జనవరి 18, ఆర్యపల్లి మీదుగా గోపాల్‌పూర్

గోపాల్‌పూర్ అంటే రెండు దారులున్నాయి, ఊరికి ఒకటి, పోర్టుకు ఒకటి. ఫోన్‌లో మ్యాప్ మమ్మల్ని పోర్టు దారి పట్టించింది. కాసేపటికి ముందూ వెనకా లారీలే. టెక్కలి నుంచి వచ్చిన లారీ డ్రైవరొకాయన కిటికీలోంచి మా బండి నంబరు చూసి, "ఎక్కడికి బావు ఇటు?" అని నవ్వాడు. వెనక్కి తిప్పుకునే చోటు చూపించి, "ఎలాగూ వచ్చేరు, ఆర్యపల్లి చూసుకుని ఎల్లండి, చేపలు చవక" అన్నాడు.

ఆర్యపల్లిలో ఎక్కువమంది తెలుగు మాట్లాడే మత్స్యకారులు. ఒడియావాళ్ళు వీళ్ళను నోలియాలంటారు. ఇసుక మీద వరసగా ఫైబర్ బోట్లు, వాటి మధ్య ఆరబోసిన వలలు. కవ్వలు బుట్ట 200కు ఇస్తామన్నారు గానీ బుట్టెడు చేపలు ఏం చేసుకుంటాం? 60 రూపాయలవి తీసుకున్నాం.

వల బాగుచేస్తున్న ఒక పెద్దాయనను పాతకాలం పడవలేమయ్యాయని అడిగాను. మసులా పడవల సంగతి అన్నమాట. చెక్కలకు మేకులు కొట్టకుండా కొబ్బరి తాడుతో కుట్టేవారు. ఈ తీరంలో అల ఒడ్డున విరుచుకుపడుతుంది. మేకులు కొట్టి బిగించిన పడవ ఆ దెబ్బకు పగిలిపోతుంది, కుట్టిన పడవ కాస్త వంగి దెబ్బను ఓర్చుకుంటుంది. రంగూన్ ఓడలు గోపాల్‌పూర్ ముందు లోతు నీళ్ళలో ఆగే రోజుల్లో సామాన్లూ మనుషులూ ఆ పడవల్లోనే ఒడ్డుకు చేరేవారు. "మా తాత రంగం ఎల్లింది అందులోనే" అన్నాడాయన. కుట్టేవాళ్ళు ఇప్పుడు ఎవరైనా ఉన్నారా అంటే, ఫైబర్ బోటు వైపు గడ్డం చూపించి మళ్ళీ వల అందుకున్నాడు.

మధ్యాహ్నానికి అత్త ఇల్లు చేరాం. 2013 అక్టోబరులో పైలిన్ తుఫాను సరిగ్గా ఇక్కడే తీరం దాటింది. అప్పుడు ఎగిరిపోయిన రేకుల చోట ఇప్పుడు శ్లాబు ఉంది. కవ్వల పులుసు, చందువా వేపుడు, మిగిలిన అరిసెలు. పులుసు రేపటికి ఇంకా బాగుంటుందని అత్త సగం దాచేసింది.

కుట్టుపడవ సంగతి చెప్పగానే మావయ్య తినడం ఆపేశారు. "చూశావా! ఏ నీళ్ళలో తిరగాలో దాన్నిబట్టే ఓడ ఒళ్ళు. ఐస్ బ్రేకర్ ముక్కు పదునుగా ఉంటుందనుకుంటారు అందరూ. ఉండదమ్మా. అది కోయదు. ఎక్కి కూర్చుంటుంది."

గోడ మీద ఫొటోల్లో ఒకటి యమాల్ అనే రష్యా అణు ఐస్ బ్రేకర్. నల్లటి ఒళ్ళు, పైన నారింజ రంగు గదులు, ముక్కు మీద సొరచేప నోరూ పళ్ళూ బొమ్మ వేసి ఉన్నాయి. అత్త దాన్ని దిష్టిబొమ్మ అంటుంది. మావయ్య పనిచేసింది దాంట్లో కాదు. 2011 సెప్టెంబరులో ఇనుప ఖనిజంతో రష్యా ఉత్తర తీరంలోని ముర్మాన్స్క్ రేవు నుంచి చైనాకు వెళ్ళిన బల్క్ క్యారియర్‌లో ఆయన సెకండ్ ఇంజనీరు. ముందు ఐస్ బ్రేకర్, వెనక వీళ్ళు.

"మా నౌక వెడల్పు 32 మీటర్లు. ముందున్నదాని వెడల్పు 30. అది చేసిన దారిలో మేం పట్టం కదా! రెండు పక్కలా మంచు గీసుకుంటూ పోతుంటే ఇంజన్ రూములో పక్కవాడి మాట వినపడదు." కొత్త తరం రష్యా ఐస్ బ్రేకర్లను 34 మీటర్ల వెడల్పుతో కట్టింది అందుకేనట. పాతవాటితో అయితే పెద్ద ట్యాంకరుకు దారి చేయడానికి రెండు కావాల్సి వచ్చేది.

మధ్య దూరం ఎంత ఉంచాలన్నది అసలు టెన్షన్ అన్నారు. దగ్గరగా పోతే ముందుది గట్టి మంచు తగిలి హఠాత్తుగా ఆగినప్పుడు వెళ్ళి గుద్దుకుంటాం. దూరంగా ఉంటే మనం చేరేలోగా దారి మూసుకుపోతుంది. బ్రిడ్జి మీద కెప్టెన్ కళ్ళు రెండూ ఆ దూరం మీదే. కింద ఇంజనీర్లకు వేరే బాధ. ఇంజన్ చల్లబరచడానికి ఓడ అడుగు నుంచి సముద్రపు నీరు లాగుతారు. అక్కడ నీటికి బదులు మంచు ముద్ద వచ్చి జల్లెడకు అడ్డం పడితే ఇంజన్ వేడెక్కి ఆగిపోతుంది. అందుకని ఇంజన్లో తిరిగి వేడెక్కిన నీటినే మళ్ళీ అడుగున నీరు లోపలికి వచ్చే గదిలోకి మళ్ళించి మంచును కరిగిస్తారు. "చుట్టూ సున్నా కింద చలి, నాకేమో ఇంజన్ వేడెక్కుతుందేమోనని భయం" అని మావయ్య నవ్వారు.

సాయంత్రం లైట్‌హౌస్ కింద నడిచాం. బీచిలో వేయించిన చేప ముక్క 50 రూపాయలు, మసాలా తప్ప చేప తగల్లేదు. జనవరిలో కూడా నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. యమాల్ ఎప్పుడైనా ఇటు వస్తుందా అని అన్నయ్య అడిగాడు. రాదట. ఆ తరగతి అణు నౌకల కూలింగ్ అంతా చల్లటి సముద్రపు నీటి లెక్కన కట్టారు. భూమధ్యరేఖ దగ్గరి వెచ్చటి నీళ్ళు వాటికి సరిపడవు. అందుకే అంత బలమున్నా అంటార్కిటికా మొహం చూడలేవు. అమెరికావాళ్ళ పోలార్ స్టార్ డీజిల్, గ్యాస్ టర్బైన్ల మీద నడుస్తుంది కాబట్టి వెళ్ళగలదు. 1976 నాటి నౌక. సియాటిల్ నుంచి ఉష్ణమండలం దాటి వెళ్ళి అంటార్కిటికాలోని మెక్‌మర్డో స్థావరానికి దారి చేస్తుంది. 1.8 మీటర్ల మంచును ఆగకుండా పగలగొట్టుకుంటూ పోగలదు. వెనక్కి వెళ్ళి మళ్ళీ మళ్ళీ గుద్దితే 6.4 మీటర్ల మంచు కూడా దారిస్తుంది.

"కానీ మంచు లేని సముద్రంలో అందులో ప్రయాణం నరకం" అన్నారు మావయ్య. అడుగు గుండ్రం, మామూలు ఓడలకు పక్కల ఉండే రెక్కలు దీనికి ఉండవు. ఉంటే మంచు ఊడదీసేస్తుంది. మంచులో నిబ్బరంగా ఉండే నౌక మామూలు అలకు అటూ ఇటూ పొర్లుతుంది, అనుభవమున్న నావికులు కూడా వాంతులు చేసుకుంటారు. ఉదయం ఆర్యపల్లి పెద్దాయన చెప్పిందీ ఇదీ ఒకటే సంగతి అనిపించింది నాకు. ఒక చోటికి పూర్తిగా సరిపోయేలా కట్టిన ఓడ ఇంకో చోట ఇబ్బంది పడాల్సిందే.

జనవరి 19, గోపాల్‌పూర్, ఐసు ఫ్యాక్టరీ

నోటితో చెబితే అర్థం కాదని పొద్దున్నే ఐసు ఫ్యాక్టరీకి తీసుకెళ్ళారు. బోట్లకు ఐసు ఇక్కడి నుంచే వెళ్తుంది. పెద్ద తొట్టిలో సున్నాకంటే చల్లగా ఉన్న ఉప్పునీళ్ళు, అందులో ముంచిన రేకు డబ్బాల్లో మంచినీళ్ళు. ఉప్పు బాగా కలిసిన నీరు ఆ చలికి గడ్డకట్టదు, డబ్బాలో నీరు కడుతుంది. అమ్మోనియా వాసన ముక్కు పట్టేసింది. పనివాళ్ళు చెప్పుల్లేకుండా తడి గచ్చు మీద దిమ్మల్ని కొక్కేంతో లాక్కుపోతున్నారు. మావయ్య వాళ్ళకు కొత్త కాదు. "సారుకి మళ్ళీ పలక కావాలంట" అని ఒకతను లోపలికి కేకేశాడు. ఐసుకు, అందరి టీలకు కలిపి 250 రూపాయలిచ్చారు.

రంపంతో దిమ్మలోంచి బెత్తెడు మందం పలక కోయించారు. నిలబెట్టి, అంచు మీద సుత్తితో కొట్టమన్నారు అన్నయ్యను. పెచ్చులు లేచాయి గానీ పలక నిలబడింది. తర్వాత దాన్నే పడుకోబెట్టి, రెండు చివర్ల కింద ఇటుకలు పెట్టి, మధ్యలో కాలేసి బరువు మోపమన్నారు. ఫట్‌మని రెండు ముక్కలైంది. పనివాళ్ళు పగలబడి నవ్వారు. అన్నయ్య బూటు నిండా నీళ్ళు.

"ఐసును నొక్కితే ఓర్చుకుంటుంది, వంచితే ఓర్చుకోలేదు. ఐస్ బ్రేకర్ డిజైనంతా ఈ ఒక్క మాట మీదే ఉంది."

ముక్కు ఏటవాలుగా ఉండేది అందుకే. వెనక ప్రొపెల్లర్లు నెడుతుంటే ఆ వాలు మీదుగా నౌక ముందు భాగం మంచు మీదికి పాకుతుంది, వేల టన్నుల బరువు కింద పలక వంగి విరుగుతుంది. 1898లో ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో రష్యా అడ్మిరల్ మకారోవ్ కోసం కట్టిన యెర్మాక్ దగ్గర్నుంచి సూత్రం మారలేదు. విరిగిన ముక్కల్ని ఏం చేయాలన్నదే అసలు ఇంజనీరింగ్ అంటారు మావయ్య. అవి ఒంటికి అతుక్కుని రాపిడి పెడితే బలమంతా దానికే పోతుంది. అందుకని జారుడు పెయింట్ వేస్తారు. కొన్ని నౌకల్లో అడుగు నుంచి గాలి బుడగలు వదిలి మంచుకూ ఒంటికీ మధ్య నీటి పొర ఉంచుతారు. ఇరుక్కుపోతే లోపలి ట్యాంకుల్లో నీటిని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు పంపు చేసి నౌకను ఊపుతారు. యమాల్ తరగతిలో మంచు తగిలే చోట రేకు మందం 48 మిల్లీమీటర్లు, మిగతా చోట్ల 25.

ఫ్యాక్టరీ మేస్త్రి అంతసేపూ చేతులు కట్టుకుని విని, "సముద్రం నీళ్ళు గడ్డకడితే ఉప్పుంటది కదండీ, మన ఐసంత గట్టిగా ఉంటదా?" అన్నాడు. మావయ్య ఆయన భుజం తట్టారు. కొత్తగా కట్టిన సముద్రపు మంచు లోపల ఉప్పునీటి బుడగలుంటాయి, అందుకే కాస్త మెత్తన. వేసవిలో కరిగిపోకుండా ఏడాది దాటి మిగిలిన మంచులోంచి ఆ ఉప్పునీరు కారిపోతుంది. అప్పుడది మంచినీళ్ళ ఐసుకు దగ్గరవుతుంది. ముసలి మంచు అంటే నావికులకు భయం అందుకే.

ఇంజను సంగతి చెప్పాల్సి వస్తే మావయ్య గొంతు మారిపోతుంది. పెద్ద ఐస్ బ్రేకర్లలో చాలావరకు ప్రొపెల్లరును తిప్పేది ఎలక్ట్రిక్ మోటార్లే. మంచు గడ్డ వచ్చి రెక్కకు అడ్డం పడితే ప్రొపెల్లరు ఒక్కసారిగా ఆగిపోవచ్చు. నేరుగా డీజిల్ ఇంజనుకు కలిపి ఉంటే ఆ దెబ్బ ఇంజనుకే తగులుతుంది. మోటారు అయితే నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు కూడా పూర్తి బలం ఇస్తుంది, ఆగినా ఓర్చుకుంటుంది. 2020లో పనిలోకి వచ్చిన రష్యా కొత్త అణు ఐస్ బ్రేకర్ ఆర్క్టికాలో రెండు రియాక్టర్లు ఆవిరి పుట్టిస్తాయి, ఆవిరితో కరెంటు, కరెంటుతో మూడు మోటార్లు. ఒక్కోటి 20 మెగావాట్లు. 173 మీటర్ల పొడవు, దాదాపు 3 మీటర్ల మంచును పగలగొట్టే శక్తి. మావయ్యకు అన్నిటికన్నా నచ్చింది ఇంకొకటి. ఇది నీటిని నింపుకుని పదిన్నర మీటర్ల లోతుకు దిగుతుంది, వదిలేసి ఎనిమిదిన్నరకు తేలుతుంది. లోతు సముద్రంలో బరువు కావాలి, సైబీరియాలోని యెనిసెయ్ లాంటి నదుల మొగల్లోకి పోవాలంటే తేలిక కావాలి. పాతరోజుల్లో ఆ రెండు పనులకూ రెండు రకాల నౌకలు వాడేవారు.

వెనక్కి నడిచి మంచు పగలగొట్టేవి కూడా ఉన్నాయని వినగానే అన్నయ్య నమ్మలేదు. ప్రొపెల్లరును ఏ దిక్కుకైనా తిప్పగలిగే మోటారు గొట్టాలు వచ్చాక ఇది కుదిరింది. గట్టి మంచు గుట్ట ఎదురైతే నౌక వెనక్కి తిరిగి తోకతో పోతుంది, ప్రొపెల్లరు చిమ్మే నీరే కింది నుంచి గుట్టను తొలిచేస్తుంది. చైనా 2019లో పనిలోకి తెచ్చిన షుయెలాంగ్ 2 ముందుకూ వెనక్కూ రెండు వైపులా మంచు పగలగొడుతుంది.

మేం బయటికి వచ్చేసరికి విరిగిన పలక రెండు ముక్కలూ క్రషర్‌లో పడి చేపల పెట్టెలోకి వెళ్ళిపోయాయి. ఇంటికెళ్ళి నిన్నటి పులుసు తిన్నాం. అత్త చెప్పింది నిజమే.

జనవరి 20, పర్లాకిమిడి

మావయ్య కూడా మాతో బండెక్కారు. ఆయనతో చదువుకున్న ఫిజిక్స్ లెక్చరరు రిటైరై పర్లాకిమిడిలో ఉంటున్నారు. మళ్ళీ ఆంధ్రాలోకి దిగి, పలాసలో జీడిపప్పు (కిలో 900, గుండు పప్పు) కొని, టెక్కలి, పాతపట్నం మీదుగా మళ్ళీ ఒడిశాలోకి ఎక్కాం. పాతపట్నం ఎక్కడ అయిపోయిందో, పర్లాకిమిడి ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. గిడుగు రామమూర్తి గారు బడిపంతులుగా పనిచేసిన ఊరు. కొమ్ముతో చేసిన కొంగ బొమ్మ 350 అన్నారు, 300కు ఇచ్చారు.

లెక్చరరు గారింట్లో భోజనం దాల్మా. కందిపప్పులో అరటికాయ, బొప్పాయి కాయ, గుమ్మడి వేసి, పంచఫుటన తాలింపు పెడతారు. వాళ్ళావిడ దానికి పక్కన గోంగూర పచ్చడి కూడా వేసి, "రెండు రాష్ట్రాలూ ఒకే విస్తట్లో" అన్నారు. నాకైతే ఈ ప్రయాణం మొత్తంలో ఇదే మంచి భోజనం.

లెక్చరరు గారు ఊరికే ఒప్పుకునే రకం కాదు. "మంచు కరిగిపోతోందని రోజూ పేపర్లో వస్తుంటే ఇంకా ఇంకా పెద్ద ఐస్ బ్రేకర్లు ఎందుకోయ్ కట్టడం?" అని మొదలుపెట్టారు. వేసవి మంచు తగ్గినకొద్దీ ఆ దారిన ఓడలు పెరుగుతాయి, చలికాలంలో సముద్రం మళ్ళీ గడ్డకడుతుంది, అప్పుడు కూడా సరుకు ఆగకూడదంటే ఐస్ బ్రేకర్ ఉండాల్సిందేనన్నది మావయ్య జవాబు. రష్యా ఉత్తర సముద్ర మార్గం మీద 2024లో దాదాపు 3 కోట్ల 80 లక్షల టన్నుల సరుకు కదిలింది. అందులో ఎక్కువ భాగం అక్కడే తీసిన గ్యాసూ ఆయిలూ. "అంటే వేడి పెంచే సరుకు మొయ్యడానికే మంచు పగలగొడుతున్నారు" అన్నారు లెక్చరరు గారు. మావయ్య కాదనలేదు. ఎండిన సీతాఫలం చెట్టు వైపు చూస్తూ మజ్జిగ తాగారు. ఈ ఒక్క విషయంలో నేను లెక్చరరు గారి పక్షమే.

మాట మన దేశం మీదికి మళ్ళింది. 1981 డిసెంబరులో గోవా నుంచి డాక్టర్ ఖాసిం నాయకత్వంలో బయల్దేరిన మొదటి అంటార్కిటికా యాత్ర నార్వే నుంచి అద్దెకు తీసుకున్న నౌకలో వెళ్ళి 1982 జనవరి 9న అక్కడ దిగింది. మైత్రి, భారతి స్థావరాలు కట్టుకున్నాం. సామాను మాత్రం ఇప్పటికీ అద్దె నౌకలే మోస్తున్నాయి. 2021 జనవరిలో 40వ యాత్ర వెళ్ళింది కూడా వాసిలీ గొలోవ్నిన్ అనే రష్యా నౌకలో. మైత్రి అయితే మంచు అంచు నుంచి దాదాపు 100 కిలోమీటర్లు లోపలికి ఉంది, ఓడ ఆగిన చోటి నుంచి డీజిల్ పీపాతో సహా అన్నీ మంచు మీద లాక్కెళ్ళాలి. 2025 జూన్‌లో కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ షిప్‌యార్డు నార్వే కంపెనీ కాంగ్స్‌బర్గ్‌తో మన మొదటి ధ్రువ పరిశోధన నౌక కోసం అవగాహన ఒప్పందం చేసుకుంది. "కడితే సంతోషం. కానీ నడిపేవాళ్ళను ఇప్పటినుంచే తయారు చేసుకోవాలి" అన్నారు మావయ్య. 2017లో పోలార్ కోడ్, అంటే ధ్రువ సముద్రాల్లో తిరిగే నౌకలకు పెట్టిన అంతర్జాతీయ నిబంధనలు, అమల్లోకి వచ్చాక మంచు సముద్రంలో నౌక నడిపే అధికారులకు విడిగా శిక్షణ, సర్టిఫికెట్ ఉండాలి. మావయ్య వెళ్ళినప్పుడు అదేం లేదు, రెండు జతల ఉన్ని బనియన్లు ఇచ్చి పంపారట.

లెక్చరరు గారి మనవడు పదో తరగతి. అంతసేపూ గుమ్మం పట్టుకుని వింటున్నాడు. "నేను దాంట్లో చేరాలంటే ఏం చదవాలి తాతా?" అని మావయ్యను అడిగాడు. ఇంటర్లో లెక్కలు, ఫిజిక్స్ తీసుకోవాలి, తర్వాత మెరైన్ ఇంజనీరింగో నాటికల్ సైన్సో, కంటిచూపు బాగుండాలి, ఆపైన కొన్నేళ్ళు మామూలు సముద్రంలో పనిచేస్తే అప్పుడు మంచు సంగతి అని మావయ్య వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పారు. జీతం ఎంతుంటుందో కూడా చెప్పేశారు. వంటింట్లోంచి వాళ్ళమ్మ బయటికి వచ్చింది.

"ముందు అర్ధసంవత్సరం లెక్కల పేపరు తెచ్చి ఆ తాతగారికి చూపించు" అంది. వాడు కదల్లేదు. మేం జీడిపప్పు పొట్లం ఒకటి వాళ్ళింట్లో ఇచ్చి, మావయ్యను బస్సెక్కించి, పాతపట్నం వైపు బయల్దేరాం.